జనవరి సినిమాలో చచ్చిపోయిన మా బావ

మా బావ సినిమాలో చచ్చిపోయింది జనవరిలో. ఆ చావుకి సర్కారు వారి అవార్డు వస్తుందా రాదా అన్న బెంగతో నవంబరు వచ్చేసరికి మా అప్ప సగమైపోయింది. అప్ప అంటే మా అక్క. నేను పెంచి చెబుతున్నానని అనుకునేవాళ్లుంటారు. ఆమె గాజులు మణికట్టు దగ్గర బయలుదేరి మోచెయ్యి దాటి వెళ్లిపోతుంటే, అంట్లు తోముతున్నప్పుడు వాటిని వెతికి పట్టుకొచ్చే పని నాకు పడేది.

డెబ్భైల చివర్లో మాట ఇది. బావ పోర్టులో కలాసీ. మనిషి ఎంత పొడుగంటే, ఓడలు దీపస్తంభమనుకుని ఆయన వైపు తిరిగేవని పోర్టులో చెప్పుకునేవారు. ఆ చెప్పుకునేవాణ్ణి నేనే. సాయంత్రాలు నాటకాలు వేసేవాడు. ఒకసారి మద్రాసు నుంచి సినిమావాళ్లు భీమిలి వైపు షూటింగుకి వచ్చారు. హీరో స్నేహితుడి వేషం వెయ్యాల్సిన నటుడు పడవ ఎక్కీ ఎక్కగానే, పుట్టినప్పుడు తాగిన ఉగ్గుపాలతో సహా అన్నీ కక్కేశాడు. అలల మీద నిటారుగా నిలబడగల మనిషి కావలసి వచ్చి, మా బావని పట్టుకెళ్లారు. ఆయనకిచ్చింది మూడే సీన్లు. ఆఖరి సీనులో, పడవలో, హీరో ఒళ్లో తల పెట్టుకుని ఏదో చెప్పబోతాడు, మాట సగంలో ఆగిపోతుంది, ప్రాణం పోతుంది. అంతే.

సినిమా వచ్చిన రోజున మా కంచరపాలెం మొత్తం హాల్లోనే ఉంది. రైలు గేటు వేసేవాడు కూడా గేటు వేసేసి వచ్చాడనీ, అటూ ఇటూ ఆగిపోయిన బళ్ల వరస సింహాచలం దాకా వెళ్లిందనీ నా అంచనా. బయటికొచ్చి బావ ఒకటే మాటన్నాడు.

"దీనికి అవార్డొస్తే మద్రాసెల్లిపోతాను. రాకపోతే సచ్చినట్టు పోర్టులోనే ఉంటాను."

సినిమా డైరెక్టరు కూడా అవార్డొస్తే కబురు చెయ్యమన్నాడట. ఇంతవరకూ గొడవ లేదు. గొడవ నవంబరులో వచ్చింది. కొత్తగా కట్టిన అవుటర్ హార్బరులో క్రేను ఆపరేటరు ట్రైనింగుకి బావని ఎంపిక చేశారు. జీతం పెరుగుతుంది, పోర్టు క్వార్టరు వస్తుంది. అయితే అయిదేళ్లు ఉద్యోగం వదలనని బాండు రాసివ్వాలి. సోమవారం పొద్దున్న సంతకం పెట్టకపోతే వరసలో తర్వాత ఉన్నవాడు క్రేనెక్కేస్తాడు. అవార్డుల ప్రకటన చూస్తే మరుసటి వేసవికి గానీ రాదు. అంటే వేసవిలో తేలే సంగతిని ఈ సోమవారానికే కనిపెట్టాలి.

కనిపెట్టాల్సిన పెద్దమనిషిని నేను. నవ్వకండి. ఆ రోజుల్లో పాతవూరిలో ఒక టైలరు దుకాణం ఉండేది. యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన మిషను చుట్టూ చేరి, ఆ ఏటి నటనల్లో దేనికి అవార్డొస్తుందో తేల్చే పండితుల్లో నేను రెండోవాణ్ణి. మొదటివాడు భాయ్. ఆయన లెక్కలో జనవరి సినిమా అంటే పెద్ద గండం. ఏడాది చివర వచ్చిన సినిమాలో కంటికి నలక పడినా నటనలాగే కనిపిస్తుంది, ఏడాది మొదట్లో వచ్చినదాన్ని జనం మరిచిపోతారు, జనం మరిచిపోయింది అవార్డు కమిటీకి మాత్రం ఎందుకు గుర్తుంటుంది అనేవాడు. కమిటీవాళ్లు అన్ని సినిమాలూ వరసగా వేయించుకుని చూస్తారని అప్పట్లో మాలో ఒక్కడికీ తెలియదు. వాళ్లు కూడా మనలాగే ఇంటి అరుగు మీద కూర్చుని, ఈ ఏడు ఏం చూశాం చెప్మా అని గుర్తు చేసుకుంటారనుకునేవాళ్లం.

"కొత్త గుడ్డ అందరికీ నచ్చుతాది మియా," అనేవాడు భాయ్, నోట్లో సూది పెట్టుకునే. "పది ఉతుకులు పడనీ. రంగు నిలిసిందా లేదా అప్పుడు సూడు. జనవరి సినిమాని నవంబర్లో అడగాల."

మా పరీక్ష అదే. మనిషిని ఆపి, సినిమా పేరొక్కటే చెప్పాలి. నటుడి ఊసెత్తకూడదు. ఆ మనిషి తనంతట తానే ఆ సీను చెప్పి, చేసి చూపిస్తే రంగు నిలిచినట్టు. నీళ్లు నమిలితే వెలిసినట్టు.

వారమంతా కంచరపాలెంలో పరీక్ష పెట్టాం. ఫలితాలు భయంకరంగా బాగున్నాయి. సినిమా పేరు పూర్తిగా పలకకముందే మంగలి కత్తి పక్కన పెట్టి, గడ్డం సగం గీసిన మనిషి ఒళ్లో తల వాల్చి చచ్చిపోయాడు. బఠాణీల బండివాడు బండి కిందే పోయాడు. ఆ వారం మా పేటలో నిలబడ్డవాళ్లకన్నా చచ్చి పడున్నవాళ్లే ఎక్కువ. వాళ్ల మీదుగా దాటుకుంటూ నేను ఆఫీసుకి పోవాల్సి వచ్చేది. శనివారం సాయంత్రానికి భాయ్ కూడా టేపు మెళ్లో వేసుకుని తీర్పు చెప్పేశాడు.

"పక్కా. ఒచ్చేత్తాది. బాండు గీండు ఒద్దని సెప్పు మీ బావకి."

ఆ మాట మోసుకుని ఇంటికి పరిగెత్తాను. బావ అప్పటికే మద్రాసుకి ట్రంకు పెట్టె తుడుస్తున్నాడు. అప్ప బియ్యం ఏరుతోంది. విని తలెత్తలేదు.

"ఎవుళ్లనడిగినార్రా?" అంది.

"పేటంతా అడిగాం అప్పా. ఒక్కడు కూడా తప్పలేదు."

"పేటోళ్లు ఆ సీను ఎందుకు మర్సిపోతారు? రోజూ కుళాయి కాడ ఈయన మొకమే సూత్తన్నారు. ఈయన్ని ఎరగనోళ్లని అడిగినారా?"

ఇంతమంది పండితులం, ఒక్కడికైనా తట్టలేదు. బావ చేతిలో గుడ్డ ఆగిపోయింది. అప్ప నా వైపు చూసింది.

"రాదని సెప్పమనటం నేదు తమ్ముడూ. ఒత్తాదంటే నానే పెట్టె సర్దుతాను. రాకపోతే మాత్రం ఈ క్రేనూ పోయి, ఆ మద్రాసూ నేక, పిల్లలతోటి నానెక్కడుండాల? నిజం సెప్పు, అంతే."

ఆదివారం పొద్దున్నే బావనీ వెంటబెట్టుకుని, ఆయన్ని ఎరగనివాళ్ల కోసం బయలుదేరాను. మద్దిలపాలెం బస్సు డిపోకి వెళితే, కండక్టరొకడు దూరం నుంచే చెయ్యి ఊపాడు, "ఏటి బావ, నాటకం ఎప్పుడు?" అని. అక్కడ పరీక్ష చెల్లదు. ఇక మిగిలింది సముద్రపు ఒడ్డున చేపలవాళ్ల ఊరు, యారాడ. ఫెర్రీలో అవతలి ఒడ్డుకి చేరి, కొండెక్కి దిగాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ ఆ రోజు హిమాలయం కన్నా ఒక గజం ఎక్కువే ఉందని నా కాళ్లు సాక్ష్యం చెప్పాయి. నిద్రలో కూడా డైలాగులు చెప్పే మా బావ దారంతా కాళ్ల కింద రాళ్లు లెక్కపెట్టుకుంటూ నడిచాడు.

"నువ్వేం అనకు బావ," అన్నాను. "ఊరికే నిలబడు."

"నాను ఏటన్నా అంటే గుర్తుపట్టేత్తారనా?" అన్నాడు. ఆ గొంతులో ఆశో భయమో తెలియలేదు.

ఇసకలో ఒక పెద్దావిడ చేపలు ఆరబెడుతోంది. రోజూ గంపతో పాతవూరు వచ్చి, అమ్మకమయ్యాక మ్యాటినీ చూసి మరీ తిరిగెళ్లే రకమని రెండు మాటల్లోనే తెలిసింది. అలాంటివాళ్లకి తెలియని సినిమా ఉండదు. గొంతు సవరించుకుని సినిమా పేరు చెప్పాను. మరేమీ చెప్పలేదు. నా వెనక బావ ఊపిరి బిగబట్టాడు. ఆయన ఊపిరి బిగబడితే గాలి కూడా ఆగిపోయిందనిపించింది.

"సూడకేటి," అంది ఆవిడ. "మా కోడలూ నానూ ఎల్లినాం. ఓలమ్మో, ఆ పడవ సీను..."

ఆవిడ చేతిలో చేప పక్కన పెట్టింది. అక్కడే ఇసకలో చతికిలబడింది. ఒళ్లో ఎవరిదో తల ఉన్నట్టు చేతులు పెట్టింది. సరిగ్గా ఆ సీనే. పది ఉతుకులు పడ్డా రంగు చెక్కుచెదరలేదు. బావ చెయ్యి నా భుజం మీద పడింది. ఆ బరువుకి నేను ఇసకలో చీలమండల దాకా దిగిపోయాను.

"ఇలగ ఒళ్లో ఎట్టుకుని, ఆ ఈరో ఏడుత్తాడు బాబూ. మాటాడడు. పెదవి ఇలగ వణుకుతాది. కళ్లంట నీళ్లు జారతాయి, తుడుసుకోడు. నా కొంగంతా తడిసిపోనాది."

ఆవిడ పెదవి నిజంగానే వణికించింది. నేను మెల్లగా అడిగాను, అడక్కుండా ఉండలేక.

"ఎవరి కోసం ఏడిశాడు?"

"ఎవుడో సచ్చిపోతాడు కదా. ఆడి గురించి."

"ఆ చచ్చిపోయినవాడు ఎలా ఉంటాడు?"

ఆవిడ నుదురు ముడిచి చాలాసేపు ఆలోచించింది. సముద్రం కూడా వినడానికి ఒక అల తగ్గించి వేసినట్టుంది. ఆవిడ కళ్లు బావ మొహం మీదికి వెళ్లాయి, అక్కడ నిలిచాయి, మళ్లీ చేపల మీదికి వచ్చేశాయి.

"గుర్తు నేదు బాబూ. మంచోడే పాపం. నువ్వేటి నాయనా, అలగ నిలబడిపోనావు? సేపలు కావాలేటి?"

బావ ఒక మోపెడు ఎండుచేపలు కొన్నాడు. బేరం ఆడలేదు. తిరిగొచ్చేటప్పుడు కొండ మీద ఆగి, కింద అవుటర్ హార్బరు వైపు చూశాడు. క్రేన్లు నిలబడి ఉన్నాయి.

"సెప్పు బామ్మర్దీ," అన్నాడు నాతో. "పండితుడివి కదా."

"రాదు," అన్నాను. "ఆ సీనుకి వస్తే వస్తుంది. నీకు రాదు."

సోమవారం పొద్దున్న సైరను మోగకముందే బాండు మీద సంతకం పెట్టాడు.

దాంతో నా ప్రాణానికి ప్రశాంతత రావాలి. రాలేదు. శీతాకాలమంతా ఎండుచేపల వాసన వచ్చినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. ఒక్క ముసలావిడ మాట పట్టుకుని ఒక మనిషిని అయిదేళ్లు క్రేనుకి కట్టేశాను. పొరపాటున అవార్డొచ్చిందా, ఆ మనిషి రోజూ అంతెత్తున కూర్చుని నా ఇంటి కప్పు వైపే చూస్తాడు. ఇనప ఖనిజం తొట్టెలు ఎత్తే కొక్కెం చేతిలో ఉన్నవాడితో అది మంచిది కాదు.

వేసవిలో ఒక సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు. అప్ప అన్నం వార్చి వచ్చి గుమ్మంలో నిలబడింది. బావ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అవార్డులు ప్రకటించారన్నారు. మొట్టమొదట వినబడింది మా సినిమా పేరే.

జనవరి సినిమాకి అవార్డా. భాయ్ సిద్ధాంతం ఆ క్షణాన కుట్లన్నీ ఊడి కిందపడింది. బావ లేచి నిలబడ్డాడు. తల దూలానికి తగిలింది, అయినా తెలియలేదు. అప్ప నా వైపు చూసిన చూపు నేనింకా మోస్తున్నాను.

తర్వాత చదివింది హీరో పేరు. ఉత్తమ నటుడు.

సహాయ నటుడి అవార్డు ఇంకేదో సినిమాకి, ఇంకెవరికో వెళ్లింది. బావ మెల్లగా కూర్చున్నాడు. రేడియో కట్టేశాడు.

"నాను కదలకుండా పడుకోబట్టి కదా," అన్నాడు చివరికి, "ఆడు అంతసేపు ఏడవగలిగినాడు."

నవ్వాలో మానాలో తెలియక నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. అప్ప వచ్చి ఆయన పక్కన కూలబడింది.

"అంత బాగా సచ్చిపోనావేటి?" అంది.

"అదేటే? సూసినావు కదా."

"నేదు. ఆ సీనొచ్చినప్పుడు కళ్లు గట్టిగా మూసేసుకున్నాను. నిన్నలగ ఎలగ సూడమంటావు?"

బావ ఆమె వైపు తిరిగాడు. అవార్డు పోయినప్పుడు కూడా ఆ మొహం అంత చిన్నబోలేదు.

"మరి పేటంతా సెప్పుకుని తిరిగినావు కదా, మా ఆయన బాగా సేసినాడని?"

"సుట్టూ అందరూ ఏడుత్తన్నారు. ఇని సెప్పినాను."

ఆయన "సరే, ఇప్పుడు సూడు," అని ఆమె ఒళ్లో తల పెట్టబోయాడు. తల ఆనకముందే అప్ప ఆ మనిషిని రెక్క పట్టుకుని లేవదీసింది. అంత పొడుగు మనిషిని ఆ సగమైపోయిన మనిషి ఒంటి చేత్తో ఎలా లేపిందో, ఏ క్రేనూ చెప్పలేదు.

"లెగు ముందు. అన్నం సల్లారిపోతాది," అంది. "పొద్దున్న షిఫ్టుకి ఎల్లొద్దేటి?"