ఒకటి బై నలభై

కృపాకుమారి మట్కా నంబర్లు రాస్తుందని బత్తలపల్లెలో పుట్టిన మాట ఒట్టి అబద్ధం. పుట్టించింది టీకొట్టు తిప్పయ్య. ఎండలకు ఆమె కిటికీ తెరిచి పెడితే లోపలికి తొంగిచూశాడు. గోడ మీద ఒక బొమ్మ ఉంది. మనిషి కాళ్లున్న చేప, గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడింది. కింద పెన్సిలుతో సన్నగా 7/25 అని రాసి ఉంది. కలలో చేప కనబడితే ఏ నంబరు, పాము కనబడితే ఏ నంబరు అని చూసుకునే మట్కా మనిషికి ఇంకేం కావాలి? తిప్పయ్య ఏడు మీద ఆడాడు. ఖర్మకొద్దీ తగిలింది. మరునాటి నుంచి ఆ కిటికీ ముందు మగవాళ్ల నడక ఎక్కువైంది.

ఎదురింటి రామలక్ష్మమ్మకు ఇది మింగుడుపడలేదు. వాసన చూసి ఎవరింట్లో ఏం కూరో చెప్పగల మనిషి తను. తనకు తెలియని గుట్టు తిప్పయ్యకు తెలియడమేమిటి? ఒలవాల్సిన అనపకాయలు గిన్నెలో వేసుకుని నేరుగా వెళ్లి కూర్చుంది.

"ఏమ్మే కృపా, నువ్వు మట్కా రాస్తాండావంట?"

కృపాకుమారి బంక అంటిన చేతులతోనే నవ్వింది. "ఆ నంబరు నేను రాసేది కాదక్కా. బొమ్మ గీసినాయప్ప రాస్తాడు. ఇరవై అయిదే అచ్చేసినారు, ఇది ఏడోది అని. ఆమీట అచ్చు రేకును గీకి పారేస్తారు. ఇంకొగటి కావాలన్నా పుట్టదు."

"పెండ్లిపత్రికలైతే వెయ్యి ఏస్తారు కదా?"

"అందుకే వాటిని ఎవురూ దాచుకోరు."

అనపకాయలు అయిపోయేలోగా సంగతంతా బయటపడింది. కృపాకుమారి అనంతపురంలో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్లు బైండింగు చేసింది. నోటుపుస్తకాలకు, రసీదు పుస్తకాలకు కుట్లు వేసీ వేసీ వేళ్లు కాయలు కాచాయి. ఒకరోజు మడకశిర నుంచి సోమప్ప అనే చిత్రకారుడు వచ్చాడు. కలలో కనబడేవే గీస్తానన్నాడు, పుస్తకాలు నలభై చాలన్నాడు. ప్రెస్సంతా నవ్వింది. కృపాకుమారి మాత్రం ఆ కాగితాలు చూసి సూది ఎత్తి పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ముందు నమూనాగా ఒకటి కుట్టి ఇచ్చింది. సోమప్ప తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగాడు.

ఆ బొమ్మలో పైన దున్నిన చేను, కింద మబ్బు. మబ్బులోంచి చినుకులు పైకి లేచి చేను తడుపుతుంటాయి. అట్లా గీశాడు ఆయన.

"ఏమమ్మా, దీన్ని తలకిందులా కుట్టినావే?"

"లేదన్నా. అచ్చే తలకిందులు పడింటే నేను సరిచేసినా. మబ్బు పైన కదా ఉండేది."

సోమప్ప కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మిగతా ముప్పై తొమ్మిదీ తన మాట ప్రకారమే కుట్టించుకున్నాడు. ఆ ఒక్కదాన్ని మాత్రం విప్పనివ్వలేదు. దాని మీద 1/40 అని రాసి ఆమె చేతిలోనే పెట్టాడు.

ఆనాటి నుంచి ఆమెకు పిచ్చి పట్టింది. ప్రెస్సు మానుకుని ఇంట్లోనే బొమ్మలవాళ్లకు పుస్తకాలు కుడుతుంది. బెంగళూరు నుంచి బస్సులో కాగితాల కట్టలు వస్తాయి. కూలి వద్దు, ఒక కాపీ ఇవ్వండి అంటుంది. అట్లా ముప్పై ఒకటి కూడాయి. ఇనుప బీరువాలో ఎండు వేపాకు మధ్య ఉంటాయి. దొరకనిది ఒక్కటే, సోమప్ప వేరేచోట కుట్టించిన రెండో పుస్తకం. అచ్చేసినవి పదిహేను కాపీలే. పదకొండేళ్లుగా ఫోను ఎత్తిన ప్రతివాణ్నీ అడుగుతూనే ఉంది.

పోయిన గురువారం అది ఇంటికే వచ్చింది. గంగాధర్ అనే ఆయన బెంగళూరు నుంచి కారులో తెచ్చాడు. ఆయనకూ ఇదే పిచ్చి. "మీ ఒకటి బై నలభై నాకియ్యండి, ఇది మీరు తీసుకోండి" అన్నాడు. తప్పు కుట్టు పడినది లోకంలో అదొక్కటేనట.

వీధి వీధంతా వాకిట్లో చేరింది. "ఒకటీ నలభై అంటే, ఈ పొద్దు నాలుగు ఆడొచ్చునా?" అన్నాడు తిప్పయ్య.

"నీ నాలుక మీద ఆడు పో. అది నలభైలో మొదటిదిరా," అంది రామలక్ష్మమ్మ, తానే కుట్టినంత ధీమాగా.

కృపాకుమారి సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి అట్ట తెరిచింది. నడుచుకుంటూ పోయే మెట్లు. బోరు గొట్టంలో ఇరుక్కున్న చందమామ. కోడిపెట్ట పొదుగుతున్న కొండలు. ఒక్కో పేజీకి ఆమె ఊపిరి బిగబట్టి వదలడం రామలక్ష్మమ్మకు వినబడుతూనే ఉంది. పెళ్లిచూపుల నాడు కూడా ఆ ముఖం అంత వెలిగి ఉండదు. చివరి పేజీ అయ్యాక పుస్తకం వీపున ఉన్న కుట్టును వేలితో తడిమింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. మూసింది. రెండు చేతులా గంగాధర్‌కు తిరిగి ఇచ్చింది.

"శానా బాగుండాది సార్. తీసకపోండి."

కారు కదిలింది. వాకిలి ఖాళీ అయింది. రామలక్ష్మమ్మ మాత్రం కదల్లేదు.

"పదకొండేండ్లు దానికోసరమే గాలిస్తివి కదమ్మే. కాళ్లకాడికి వచ్చింటే పంపిస్తివే. ఎందుకు, నిజం చెప్పు."

కృపాకుమారి బీరువా తలుపు మూసి తాళం తిప్పింది.

"ముప్పై తొమ్మిదింట్లో వాన పైకి పోతాదక్కా. ఒక్కదాంట్లోనే కిందికి పడతాది. అది మన ఊర్లోనే ఉండనీ."