కృపమణి టీచర్ చూడని గుహలు

కృపమణి టీచర్ ముప్పై ఒక్క ఏళ్లుగా బెలుం గుహల పాఠం చెబుతోంది. ఊరికే చెప్పదు. "లోపల అడుగు పెడితే ఎముకలు కొరికే చలి" అంటూ తను వణికి, పిల్లల్ని వణికిస్తుంది. మండుటెండల్లో కూడా వాళ్లు చేతులు ముడుచుకుని వింటారు.

ఆమె ఆ గుహల మొహం ఎన్నడూ చూడలేదని కోడుమూరు దగ్గర మా ఊళ్లో నాకొక్కడికే తెలుసు. నేను లెక్కల మాస్టర్ లేవీని, స్టాఫ్‌రూమ్‌లో ఆమె పక్క కుర్చీ నాది. "రిటైరయ్యే లోపల ఒక్కసారి చూడల్ల లేవీ. లేకుంటే ఇన్నేండ్లూ పిల్లోళ్లకి అబద్ధం చెప్పినట్లే గదప్పా" అంది ఒకరోజు కళ్లు తుడుచుకుంటూ. ఏప్రిల్లో రిటైర్మెంట్. అందుకే ఫిబ్రవరిలో విజ్ఞాన యాత్ర పెట్టింది. మొదటిరోజు గుహలు, రాత్రికి కడపలో చర్చి హాలు, మర్నాడు అక్కడి మ్యూజియం.

పిల్లలు ఇరవై మంది, బస్సుకు యాభై సీట్లు. కాళ్లు చాపుకుని పోవచ్చనుకున్నాం.

"రాత్రి బయట పండుకునేదానికి ఆడపిల్లని ఒంటిగా ఎట్ల పంపేది? నేనూ వస్తా" అంది ఎనిమిదో తరగతి స్తుతి తల్లి ప్రేమజ్యోతి. ఆమెను చూసి మిగతా తల్లులు. కోడళ్లు పోతుంటే అత్తలు ఊరుకుంటారా? "మాకు మాత్రం విజ్ఞానం వద్దా?" అన్నారు. మగవాళ్లంతా వలస పనులకు పోయారు, అత్తలూ వస్తే మేకల్ని ఎవరు చూడాలి? దీనిమీద రెండు వారాలు మీటింగులు జరిగాయి. మ్యూజియంలో ఏముందని ఒక్కరడిగితే ఒట్టు. చివరికి ఇరవైమూడు మేకల్ని బడి ఆవరణలో కట్టేయాలనీ, అటెండర్ సుబ్బన్న కాపలా ఉండాలనీ తీర్మానమైంది.

బయల్దేరే పొద్దున అందరూ స్వెటర్లు, మంకీ టోపీలు తగిలించుకుని బడి ముందు ఆగిన బస్సెక్కారు. ప్రార్థన లేనిదే మాకు చక్రం తిరగదు. పాస్టర్ జోసెఫ్ గారు అందరిచేతా కళ్లు మూయించారు. ఆయన ప్రార్థన టైర్లతో మొదలై, బ్రేకులను, డ్రైవర్ చేతులను, ఎదురొచ్చే లారీలను పేరుపేరునా ఆశీర్వదిస్తూ సాగుతుంది. ప్రార్థన లారీల దాకా వచ్చేసరికి బడి ఆవరణలో ఒక మేక అరుస్తూ తాడు తెంచుకుందట. ఆ అరుపుకు టీచర్ దిగింది. మేకను పట్టుకోవాల్సిన సుబ్బన్న వెనక తలుపులోంచి ఎక్కి ఆమె సీట్లో కూర్చున్నాడు. పాస్టర్ ముందు కళ్లు తెరిచే ధైర్యం మాకెవరికీ లేదు. ఆమెన్ అన్నాం, బస్సు కదిలింది, పాటలందుకున్నాం.

బనగానపల్లె దాటాక ఆ మంకీ టోపీలో ఉన్నది సుబ్బన్న అని తెలిసింది.

"నువ్వీడ ఏం చేస్తాండావప్పా?"

"సీటు ఖాళీగా ఉన్నింది సార్. నేనూ చూడొద్దా?"

వాణ్ణి కిటికీలోంచి తోసేయాలనిపించింది. టీచర్‌కు ఫోన్ చేశాను. మేకల అరుపుల మధ్య ఆమె గట్టిగా చెప్పింది. "వెనక్కి రావద్దు లేవీ. వస్తే గుహలు మూసేస్తారు, పిల్లోళ్లకి లేకుండా పోతాది. నేనొద్దామంటే ఊర్లో మిగిలింది నేనూ, ఈ మేకలే. వీటిని ఎవురు చూస్తారు?"

గుహలో చలి లేదు సరికదా, ఊపిరాడని ఉక్క. టోపీలు పిండుకుంటూ బయటపడ్డాం. స్తుతి నా ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది. "టీచర్, చలి అంటిరి గదా? ఈడ ఇడ్లీల మాదిరి ఉడికిపోతాండాము!"

అందరూ పగలబడి నవ్వారు.

అవతల మేకలు అరుస్తూనే ఉన్నాయి. టీచర్ అంది: "నాకు తెలీదు స్తుతీ. నేనాడికి ఎప్పుడూ పోలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ప్రేమజ్యోతి ఫోన్ తీసుకోబోయింది. పిల్ల ఇవ్వలేదు. అక్కడే కింద కూర్చుంది.

"సరే టీచర్, నేను చెప్తా, వినండి. ఫస్టు మెట్లుండాయి. ఎన్నుండాయో లెక్కపెట్టలా. ఉండండి, మళ్లీ పోయి లెక్కపెట్టుకోనొస్తా."