ఇంటిపేరు గడిలో నా తెలివి

షికాగో పడమటి శివార్లలో మా తెలుగు సంఘం వాళ్ళు ఇప్పటికీ ఒక మనిషి గురించి చెప్పుకుంటారు. తాగి కారు నడిపాడట, లైసెన్సు పోయిందట, దాంతో ఉద్యోగమూ పోయిందట. అతను తాగలేదు. పోలీసులు పట్టుకున్న రోజున అతని ఇన్సూరెన్సు చెల్లుతూనే ఉంది. ఆ కథ పుట్టించింది నేను కాదు గానీ, ఏడేళ్ళ పాటు దానికి అన్నం పెట్టి పెంచింది మాత్రం నేనే.

ముందు నా గొప్పతనం చెప్పాలి. లేకపోతే తక్కినది అర్థం కాదు. డెబ్భైల చివర మేం పాతిక కుటుంబాల వాళ్ళం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు తెలుగులో ఆరాధన జరుపుకునేవాళ్ళం. అందరం కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళమే. ఇంజనీర్లు, నర్సులు, ల్యాబు టెక్నీషియన్లు. వంతెనలకు డ్రాయింగులు గీసే మనుషులు కూడా ఒక్క పేజీ ఫారం చూస్తే చెమటలు కక్కేవారు. నేను సంఘానికి సెక్రటరీని. ఆరాధన అయ్యాక కోడికూర, పులిహోర తిని, చేతులు కడుక్కుని, ఫారాలు పట్టుకుని నా టేబుల్ దగ్గర వరస కట్టేవారు. గ్రీన్‌కార్డు, ట్యాక్సు, పిల్లల స్కూలు, ఏదైనా సరే. నేను నల్ల పెన్ను మూత తీసి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "పుట్టిన ఊరు?" అని అడిగేవాణ్ణి, ఆపరేషన్‌కి ముందు డాక్టరు అడిగినట్టు. అచ్చులో ఉన్న ప్రశ్నని పైకి చదివి, వాళ్ళు చెప్పిన జవాబుని కింద రాయడమే నా విద్య. అంత చవగ్గా దొరికే గౌరవం నాకు మరెక్కడా దొరకలేదు. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను.

అతను నాకంటే పదేళ్ళు చిన్న. హాస్పిటళ్ళలో ఎక్స్‌రే మిషన్లు బాగుచేసే కంపెనీలో పని. కంపెనీ ఇచ్చిన స్టేషన్ వ్యాగన్‌లో పనిముట్లు వేసుకుని రోజూ నాలుగైదు ఊళ్ళు తిరగాలి. లైసెన్సు లేకపోతే ఆ ఉద్యోగం లేదు. ఆదివారాలు సంఘంలో డోలక్ వాయించేవాడు. అతను రాని వారం మా పాటలు కాళ్ళీడ్చుకుంటూ నడిచేవి.

అతనికి సొంతంగా ఒక పాత కారు ఉండేది, దానికి ఇన్సూరెన్సు లేదు. ఆ రోజుల్లో మా రాష్ట్రంలో అది తప్పనిసరి కాదు. మనవాళ్ళలో సగం మంది ప్రార్థన మీదే కార్లు నడిపేవారు. నేనూ రెండేళ్ళు అలాగే నడిపాను. నాకేమీ కాలేదు కనుక నన్ను నేను జాగ్రత్తపరుల్లో లెక్క వేసుకున్నాను. ఒక జనవరి పొద్దున అతని కారు మంచు మీద జారి, రోడ్డు పక్కన ఆగి ఉన్న కారుని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇన్సూరెన్సు లేదు కాబట్టి లైసెన్సు ఆపేశారు. అవతలివాళ్ళ నష్టం తీర్చాక తిరిగి ఇస్తామన్నారు గానీ, మూడేళ్ళ పాటు ఒక కాగితం తమ దగ్గర ఉండాలన్నారు. దాన్ని ఎస్సార్ ఇరవైరెండు అంటారు. ఈ మనిషికి మేం ఇన్సూరెన్సు ఇచ్చాం, అది ఆగిన రోజున మీకు తెలియజేస్తాం అని ఇన్సూరెన్సు కంపెనీ రాష్ట్రానికి రాసి పంపే పూచీ అది. తాగి నడిపినవాడికీ అదే కాగితం, మంచు మీద జారినవాడికీ అదే కాగితం.

పాత కారు తుక్కు కింద పోయింది. అయినా పూచీ కావాలి, ఎవరి బండి నడిపినా చెల్లేలా. కారు లేనివాళ్ళకి అలాంటి పాలసీలు ఇచ్చే ఏజెంటు ఒకడు డోనట్ షాపు పక్కన ఇరుకు గదిలో కూర్చునేవాడు. అతను ఫారం చేతికిచ్చి, లైసెన్సు మీద ఉన్నది ఉన్నట్టు నింపి తెమ్మన్నాడు. మనవాడు దాన్ని నేరుగా నా టేబుల్ దగ్గరికి తెచ్చాడు.

"కారు లేనివాడికి కారు ఇన్సూరెన్సా!" అన్నాను, పక్క టేబుళ్ళకి కూడా వినపడేలా. "పెళ్ళి కాకుండానే అత్తగారికి చీర పెట్టినట్టుందయ్యా."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "పెట్టక తప్పదన్నా. గవర్నమెంటు అత్తగారు" అన్నాడు.

మొదటి గడి లాస్ట్ నేమ్. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. మన జిల్లాల్లో సగం మందికి ఉన్నట్టే అతని పేరు చివర కూడా పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట ఒకటి తగిలించి ఉండేది. లైసెన్సు కౌంటర్లో గుమాస్తా చివర ఉన్నదే ఇంటిపేరు కాబోలనుకుని ఆ ముద్దుమాటని లాస్ట్ నేమ్ చేసింది. అసలు ఇంటిపేరు ఫస్ట్ నేమ్ అయి కూర్చుంది. ఆఫీసులో దొరలందరూ అతన్ని చనువుగా ఇంటిపేరు పెట్టి పిలిచేవారు.

"లైసెన్సు మీద ఉన్నట్టే రాసేయండన్నా. ఏజెంటు మరీ మరీ చెప్పాడు."

"ఏజెంటుకేం తెలుసయ్యా మన పేర్లు? ఒకచోట తప్పు పడితే అన్ని కాగితాల్లోనూ దాన్నే మోసుకుంటూ పోతామా?"

"అది కాదన్నా, రెండూ మ్యాచ్ అవకపోతే..."

"లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు. నా కొడుకు ఇంటిపేరు ఉయ్యాల్లో పిలుపా అని మీ నాన్నగారు నవ్వరూ?"

పక్కన గిన్నెలు సర్దుతున్న పాస్టరమ్మగారు, "రాయనివ్వు నాయనా. ఆయన చెయ్యి పడితే తిరుగుండదు" అన్నారు.

అతను తలూపాడు. నేను అతని వంశాన్ని నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతో ఉద్ధరించాను.

మా రాష్ట్రంలో లైసెన్సు నంబరు లాస్ట్ నేమ్ మొదటి అక్షరంతో మొదలవుతుందని నాకు తెలియదు. డ్రైవింగు నేర్చుకునే పదహారేళ్ళ పిల్లలకి తెలుసట. అవతలివాళ్ళ నష్టం కట్టేసి, ఏజెంటు ఇచ్చిన నకలు చూపిస్తే లైసెన్సు తిరిగొచ్చింది, అతను పనిలోకి వెళ్ళాడు. కానీ అసలు కాగితం మీద నంబరు ఒక అక్షరంతో, పేరు మరో అక్షరంతో మొదలయ్యాయి. రాష్ట్ర రాజధానిలో అది ఏ మనిషి ఫైలులోనూ చేరకుండా ఉండిపోయింది.

అతను తరచు గదులు మారేవాడు కనుక ఉత్తరాలకి మా ఇంటి అడ్రసే ఇచ్చాడు. "గవర్నమెంటుది ఏదైనా వస్తే విప్పి చూసి చెప్పండన్నా" అన్నాడు. రెండు నెలలకి వచ్చింది. మీ పూచీ కాగితం మాకు అందలేదు, వచ్చే సోమవారం నుంచి లైసెన్సు ఆపుతున్నాం అని. వెంటనే ఏజెంటుకి ఫోన్ చేశాను.

"మీరిచ్చిన ఫారంలో ఉన్న పేరే టైపు చేసి పంపాం. లైసెన్సు మీద ఉన్నది ఇదేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

"కాదు."

"ఎవరు నింపారిది?"

"ఎవరో ఫ్రెండు" అన్నాను.

"ఆ ఫ్రెండు చేతిలోంచి పెన్ను లాక్కోండి. సరిచేసి మళ్ళీ పంపుతాను, రెండు వారాలు పట్టొచ్చు. సోమవారం నుంచి అతన్ని స్టీరింగు ముట్టుకోవద్దనండి. ఇవాళే చెప్పండి."

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఏడేళ్ళుగా రకరకాలుగా అనుకున్నాను. అతన్ని కంగారు పెట్టడం ఎందుకనుకున్నానని, రెండు వారాల్లో గుట్టుగా సర్దుకుపోతుందనుకున్నానని. అవన్నీ నాకు నేను చెప్పుకున్న మర్యాద మాటలు. అసలు సంగతి ఇంత చిన్నది. "నువ్వు చెప్పిందే రైటు, నేను రాసింది తప్పు" అనాలి. ఆ మాట ఆదివారం ఆ టేబుల్ దగ్గర, గిన్నెలు సర్దే పాస్టరమ్మగారికి వినపడేలా అనాల్సి వస్తుంది. దానికంటే అతను పోలీసుల చేతిలో పడటమే నాకు తేలికనిపించిందన్నమాట. ఆ ఆదివారం అతను నా పక్కనే కూర్చుని పులిహోర తిన్నాడు. "ఉత్తరాలేమైనా వచ్చాయా అన్నా?" అని అడిగాడు. "ఏం రాలేదు" అన్నాను.

గురువారం పొద్దున, వ్యాగన్ వెనక లైటు వెలగడం లేదని పోలీసు ఆపాడు. లైసెన్సు ఆపేసి ఉందని తేలింది. హాస్పిటల్‌కి వెళ్ళాల్సిన మనిషిని స్టేషన్‌కి తీసుకెళ్ళారు, కంపెనీ బండిని గొలుసులు కట్టి లాక్కెళ్ళారు. మర్నాడు మేనేజరు తాళాలు తీసుకుని పంపేశాడు. లైసెన్సు లేకుండా మా బండి నడిపి, మాకు అబద్ధం చెప్పావన్నాడట.

శనివారం అతను మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు.

"ఏజెంటుకి మీరు ఫోన్ చేశారంట?"

"చేశాను."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"బాగుచేసేద్దామని..."

"ఆ ఉత్తరం ఇలా ఇవ్వండి" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. తేదీ చూసి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బావుండేది. నేనూ తిరిగి నాలుగు మాటలంటే నా పరువు నాకు దక్కేది.

సంఘంలో ట్రెజరరుకి ఆఫీసులో ఒక తెల్లవాడు చెప్పాడట, ఎస్సార్ ఇరవైరెండు అంటే తాగుబోతుల కాగితమని. ఇంకేం కావాలి! అరెస్టు అన్న మాట ఒకవైపు, ఆ కాగితం మరోవైపు. దాహం వేస్తే కోక్ తాగే మనిషికి, నెల తిరక్కుండా విస్కీ అలవాటు చేసేశారు మావాళ్ళు. కమిటీ కూర్చుంది. పాస్టరుగారు నావైపు తిరిగారు.

"బ్రదర్, ఆ కాగితాలు మీరే కదా చూసింది? అసలు సంగతేంటి?"

"నేను చూసినంతవరకు కాగితాలు కరెక్టుగానే వెళ్ళాయండి" అన్నాను. "ఆ తర్వాత అతనేం చేశాడో నాకెలా తెలుస్తుంది?"

"అదీ సంగతి!" అన్నాడు ట్రెజరరు.

ఆ వారమే డోలక్ వేరేవాళ్ళకిచ్చారు. వాళ్ళకి వాయించడం రాదు గానీ మంచి సాక్ష్యం గల కుటుంబం. అతను ఇంకొక్క ఆదివారం వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. చివరి ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుని ఉండగా లేచి వెళ్ళిపోయాడు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను కనుక చూశాను. తర్వాత సిటీలో ఒక హాస్పిటల్ స్టోర్‌రూములో, మిషన్లు బాగుచేసే చేతులతో దుప్పట్లు లెక్కపెట్టే పనిలో చేరాడని విన్నాను. రైలెక్కి, బస్సు మారి వెళ్ళేవాడు.

నిరుడు నాకు గుండె నొప్పి వచ్చింది. డాక్టరు చెప్పింది పెద్ద విషయమేమీ కాదు గానీ నాకు భయం వేసింది. పశ్చాత్తాపం దానంతటది వచ్చిందని గొప్పలు చెప్పుకోను. భయమే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒక ఆదివారం, ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి అంతా చెప్పాను. పేరు గడి, ఉత్తరం, కమిటీలో నేను ఆడిన అబద్ధం.

పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత తగ్గింపు స్వభావం! సంఘమా, ఆమెన్ చెప్పండి" అన్నారు. సంఘం ఆమెన్ చెప్పింది. బయట ట్రెజరరు నా భుజం తట్టాడు. "సాయం చేయబోయి ఇరుక్కున్నారు బ్రదర్, అంతే." ఒక ఆంటీ ఇంకాస్త ముందుకెళ్ళింది. "అయినా నిప్పు లేందే పొగ వస్తుందా అంకుల్? తాగేవాడేలెండి." ఆ నెలలోనే నన్ను మళ్ళీ సెక్రటరీగా ఎన్నుకున్నారు. నేను ఒప్పుకోలేదు. అది కూడా తగ్గింపు స్వభావంలోనే జమ అయింది.

అతని నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. సంఘంలో అందరి ముందూ ఒప్పుకున్నానని చెప్పాను.

"దేవుడికి చెప్పారు, సంఘానికి చెప్పారు, సరే" అన్నాడు. "మా మేనేజరుకి చెప్పారా?"

లేదు. ఆ ఆలోచనే రాలేదు. ఏడేళ్ళు నేను కుమిలిపోయింది సంఘంలో నా మొహం గురించే. అతనికి పోయింది పని. ఎక్కడికి దరఖాస్తు పెట్టుకున్నా పాత కంపెనీకి ఫోన్ వెళ్ళేదట, అబద్ధం చెప్పి బండి నడిపాడని అక్కడినుంచి జవాబు వచ్చేదట. మిషన్ల పని అతనికి మళ్ళీ దొరకనిది అందుకే.

మర్నాడు సెలవు పెట్టి ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి సంతకం చేసి తీసుకెళ్ళాను. ఆ మేనేజరు రిటైరయ్యాడు. ఉద్యోగుల ఫైళ్ళు చూసే ఆవిడ నన్ను కూర్చోమనకుండానే రెండు పేజీలూ చదివింది.

"ఆయన మీకు బంధువా?"

"కాదు."

"లాయరా మీరు?"

"కాదు. ఆ ఫారం నింపినవాణ్ణి."

ఆవిడ ఒకసారి నన్ను పైనుంచి కిందకి చూసింది. అన్నేళ్ళ సెక్రటరీ పదవిలో నన్నెవరూ అంత సరిగ్గా చూడలేదు. ఫైలు వెతికి తెచ్చింది. అబద్ధం చెప్పాడన్న వాక్యం ఉన్న కాగితాన్ని తీసేయడానికి తనకి అధికారం లేదంది. నా ఉత్తరాన్ని మాత్రం దాని మీద పెట్టి పిన్ను కొట్టింది. ఇకమీద ఎవరైనా అడిగితే రెండూ చదివి వినిపిస్తానంది.

కింద లాబీలో ఉన్న ఫోన్ నుంచి అతనికి చేసి చెప్పాను.

"పైన పెట్టిందా, కింద పెట్టిందా?" అన్నాడు.

"పైనే."

"సరే. నాకు డ్యూటీ టైమయింది" అని పెట్టేశాడు. 'అన్నా' అని మాత్రం అనలేదు.