అలారమక్క పెట్టిన ఆదివారం రూలు

ఆ కాలేజీ హాస్టల్లో ఉండి చదివిన ఏ ఆడపిల్లనైనా అడిగి చూడండి. లెక్కల మాస్టారి ముఖం మరిచిపోయి ఉంటుంది, బట్టీ పట్టిన సూత్రాలు ఎప్పుడో గాలికి వదిలేసి ఉంటుంది, అలారమక్కను మాత్రం మరిచిపోదు. కోడి కూయకముందే చేతిలో గరిటెతో మంచాల ఇనప కమ్మీలు వాయిస్తూ "లేవండర్రా, చదువుల తల్లులారా!" అని హాస్టలంతా తిరిగే వార్డెను ఆవిడే. ఆ మోతకు కుంభకర్ణుడైనా లేచి బ్రష్షు పట్టుకోవాల్సిందే.

ఆవిడ చేరిన రోజుల్లో దాన్ని కాలేజీ అంటే జనం నవ్విపోయేవాళ్ళు. టైలరు కొట్టు మీద రెండంటే రెండు గదులు. ఒక గదిలో పాఠం, రెండో గదిలో పడక. ప్రిన్సిపాలే లెక్కలు చెప్పేవాడు, సాయంత్రం ఆయనే తాళం వేసేవాడు. కింద కుట్టుమిషను ఆగిందంటే పైన పాఠం కూడా తడబడేది, చెవులు ఆ చప్పుడుకు అంతగా అలవాటు పడ్డాయి మరి! అలాంటి చోట ఒక ఏడాది ఎంట్రెన్సులో ఇద్దరికి మంచి ర్యాంకులు వచ్చాయి. ఇక చూస్కోండి! వాళ్ళ ఫొటోలతో సందు సందునా ఫ్లెక్సీలు లేచాయి. టైలరు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, పక్క మేడ కలిసింది, మేడ మీద మేడ లేచింది, ఊరవతల మగపిల్లలకు ఇంకో బ్రాంచి పుట్టింది. లిఫ్టు కూడా పెట్టారు. అది ఎవరినైనా పైకి మోసిందా అని అడక్కండి.

మేడలు మారినా పిల్లల తిప్పలు మారలేదు. తెల్లారి స్నానాల గది ముందు పిల్లల కంటే ముందు వాళ్ళ బకెట్లు వరసలో నిలబడేవి. ఎవరి బకెట్టునైనా వెనక్కి జరిపారో, ఆ రోజు మూడో ప్రపంచ యుద్ధమే. జడ వేయించుకునే పిల్ల రసాయన శాస్త్రం అప్పజెబుతుంటే, వేసే పిల్ల తప్పు దొరికినప్పుడల్లా జుట్టు లాగేది. వారానికో పరీక్ష, పరీక్షకో ర్యాంకు, ర్యాంకును బట్టి బెంచీ. సోమవారం పొద్దున క్లాసు క్లాసంతా సంచులు భుజాన వేసుకుని, అద్దె ఇల్లు మారుతున్నట్టు ముందు బెంచీల నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకూ మారేది.

ఇంటికి ఫోను ఆదివారమే. అదీ హాస్టలు ఫోనులో, స్పీకరు పెట్టి, వార్డెను ఎదురుగా. దొంగ కబుర్లు చెప్పుకోకూడదని కాలేజీ వాళ్ళ కట్టడి. అందుకని ఇష్టం ఉన్నా లేకపోయినా అందరి ఇళ్ళ మాటలూ అలారమక్క చెవిన పడేవి. ఏం మాటలు, నా మొహం! అవతల ఎత్తీ ఎత్తగానే "ర్యాంకెంత?" వంద ఇళ్ళు, ఒకటే పాట. అప్పటిదాకా చెంగుచెంగున గెంతుతూ వచ్చిన పిల్ల ఆ ఒక్క ముక్కకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోయేది.

ఒకసారి ఒంట్లో జ్వరం కాగుతున్న పిల్లను వాళ్ళ నాన్న అదే అడిగాడు. అలారమక్కకు ఒళ్ళు మండి, టక్కున ఫోను కట్ చేసేసింది. "సిగ్నల్ పోయిందే. ఏం చేస్తాం!" అంది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ సిగ్నల్ పోయింది. మూడోసారి మనిషి బెదిరి "ఎలా ఉన్నావమ్మా?" అన్నాడు. సిగ్నల్ నిక్షేపంలా నిలిచింది.

అప్పటి నుంచి అదే రూలు. ముందు పిల్ల సంగతి, ఆ తర్వాతే ర్యాంకు. తప్పితే కట్! పాపం, తండ్రులకు పెద్ద పరీక్షే వచ్చి పడింది. వాళ్ళకు వేరే ప్రశ్న వస్తేనా? ఒకాయన చాలాసేపు గొంతు సవరించుకుని "అమ్మా, మీ గదిలో ఫ్యాను తిరుగుతోందా?" అన్నాడు. "తిరుగుతోంది నాన్నా." "బాగా తిరుగుతోందా?" "బాగానే నాన్నా." పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పిల్ల మాత్రం వారమంతా మా నాన్న ఫ్యాను గురించి అడిగాడని చెప్పుకు తిరిగింది.

అందరూ ఒకలా ఉండరు కదా. పిచ్చుక అని పిలిచే బక్కపిల్ల ఒకతె ఉండేది, వాళ్ళ నాన్న పెద్ద కంట్రాక్టరు. ఆయన ఫోను వరసగా రెండు ఆదివారాలు కట్టయ్యేసరికి తిన్నగా ప్రిన్సిపాలు మీద పడ్డాడు. ప్రిన్సిపాలు అలారమక్కను పిలిపించాడు.

"ఏంటక్కా ఇది? ఆయన నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు."

"సిగ్నల్ సార్..."

"టైలరు కొట్టు నాటి నుంచి చూస్తున్నా, నా దగ్గరా సిగ్నల్ కబుర్లు? ఈ ఆదివారం నేనే వచ్చి కూర్చుంటా. ఒక్క ఫోను కట్టయినా నీకిక్కడ పని లేదు. నువ్వు లేకపోతే అక్కడ మీవాడి సీటూ ఉండదు. ఆలోచించుకో."

వాడంటే ఆవిడకున్న ఒక్కగానొక్క కొడుకు. స్టాఫు పిల్లలకు చదువు ఉచితం కాబట్టి ఊరవతలి బ్రాంచిలో చదువుతున్నాడు. వాడి చదువు కోసమే ఈ గరిటె, ఈ మోత, అన్నీ. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఆ వారం మంచాల మీద గరిటె దెబ్బ కూడా మెత్తగా పడింది.

ఆదివారం ప్రిన్సిపాలు కుర్చీ వేయించుకుని ఫోను పక్కనే కూర్చున్నాడు. ఒక్కొక్కరే మాట్లాడారు. ఫ్యాను తండ్రి ఈసారి దోమల గురించి అడిగాడు. తర్వాత పిచ్చుక వంతు.

"ర్యాంకెంత?" అంది స్పీకరు.

పిచ్చుక అలారమక్క వంక చూసింది. పిల్లలందరూ చూశారు. ఆవిడ వేలు మీట మీదే ఉంది. నొక్కితే కొడుకు సీటు పోతుంది, నొక్కకపోతే ఈ పిల్లల ముఖం ఎలా చూడాలి? ఆవిడ వేలు తీసేసింది. పిచ్చుక గొణుగుతూ అంకె చెప్పింది, తండ్రి దులిపిన దులుపుడంతా తల వంచుకుని విన్నది. ఫోను పెట్టాక ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది అలారమక్కకు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఇంత మాత్రం దానికి గొడవెందుకు చెప్పు?" అన్నాడు ప్రిన్సిపాలు హాయిగా. "మీవాడికి కూడా చేసుకో, నేనుండగానే."

మామూలుగా అయితే ఆదివారం పిల్లలు భోజనానికి వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసుకుని కొడుకుతో మాట్లాడుకునేది. ఇవాళ పిల్లలు కదల్లేదు. నంబరు నొక్కింది. అవతల వాళ్ళ హాస్టలు ఫోను దగ్గర కాచుకునున్న కొడుకే ఎత్తాడు. వారం రోజులుగా గుండెల్లో ఉన్న భయమంతా ఒక్కసారిగా నోటికొచ్చింది.

"ఏరా, ర్యాంకెంత?"

ఆ వెంటనే పిల్లలంతా ఒక్క గొంతుతో "అక్కా... కట్!" అని అరిచారు. ఎవరొచ్చి నొక్కారనుకున్నారు? పిచ్చుకే! వచ్చి టక్కున నొక్కి, "సిగ్నల్ పోయిందక్కా. ఏం చేస్తాం!" అంది.

ప్రిన్సిపాలు నవ్వాపుకోవాలని చూశాడు. ఆగితేనా! కుర్చీ కదిలేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని లేచాడు. "సరేలే అక్కా. నీ రూలు నీకు ఉండనీ, కంట్రాక్టరు గారికి నేను చెప్పుకుంటా. రూలు పెట్టినదానివి, ముందు నువ్వు నేర్చుకో" అంటూ వెళ్ళిపోయాడు.

అలారమక్క మళ్ళీ ఫోను చేసింది. వాడు ఎత్తాడు. అడుగుదామంటే ఒక్క ప్రశ్నా రాలేదు. ఇన్నాళ్ళూ వాడిని వేరే ఏమడిగింది గనక?

"చెప్తానమ్మా, ఈసారి కొంచెం తగ్గింది..."

"వద్దురా. అది వద్దు."

"మరేంటి?"

"ఊరికే చేశాను నాన్నా. నువ్వే చెప్పు, ఏదో ఒకటి."

వాడు మెల్లగా మొదలుపెట్టాడు. పక్క మంచం వాడి గురక, ఎక్కడో పోయిన చెప్పు, కొత్తగా వచ్చిన మాస్టారి నడక, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయాడు. అలారమక్క వింటూ కూర్చుంది. వాడి గొంతు మగవాడి గొంతయిపోయింది. ఎప్పుడు మారిందో ఆవిడకు తెలియలేదు. ప్రతి ఆదివారం వింటూనే ఉంది.