పటేల్ పచ్చికకు మూడు పనిముట్లు

2022 వానాకాలం. కరీంనగర్‌లో మా పనిముట్ల దుకాణం పెట్టి అప్పటికే ఇరవై ఏళ్లయింది. పారలు, కొడవళ్లు అమ్ముకునే నాకు, ఇళ్ల ముందు లాన్‌లు పెరిగాక కొత్త బేరం ఒకటి మొదలైంది. ఏరేటర్. గట్టిపడిన నేలలో రంధ్రాలు చేసి, గడ్డి వేళ్లకు గాలీ నీరూ అందించే చేతి పనిముట్టు. అది చిన్నదే, దాన్ని అమ్మడానికి నేను పడ్డ తిప్పలు మాత్రం చిన్నవి కావు.

రాజిరెడ్డి పటేల్‌ది పెద్దపల్లి వైపు. పొలం కౌలుకిచ్చి కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. భార్య సుగుణమ్మకు రెండు మోకాళ్ల ఆపరేషన్ అయింది. మెత్తటి నేల మీద రోజూ నడవాలని డాక్టర్ చెబితే, ఆమె కోసమే ఇంటి ముందు గడ్డి వేయించారు. ఆ గడ్డి పచ్చబడటం మానేసి పసుపుబారుతోంది. వాన పడితే రెండు రోజులు నీళ్లు నిలుస్తున్నాయి.

"భాయ్, గడ్డిల పొడిచేదేదో ఉంటదట, ఇయ్యి" అన్నారు దుకాణానికి వచ్చి.

"మట్టి ఎట్లున్నది పటేలా? గడ్డి పెట్టకముందు..."

"మట్టి సంగతి నాకు చెప్తవా? నలభై ఏండ్లు ఎవుసం చేసిన."

నోరు మూసుకుని హాలో టైన్ ఏరేటర్ చూపించాను. దానికి రెండు బోలు గొట్టాలుంటాయి. కాలితో నొక్కితే వేలెడు మట్టి ముక్కలను బయటికి లాగేస్తుంది. "గీ బక్క గొట్టాలతోని ఏమైతది?" అని పక్కన పెట్టేశారు. ఫోన్‌లో చూశారట, స్పైక్ షూస్ కావాలన్నారు. అంటే కింద మేకులున్న చెప్పులు, వేసుకుని గడ్డి మీద నడవాలి. మేకు మట్టిని తీయదు, పక్కకు నెడుతుంది, దాంతో బంకమట్టి ఇంకా బిగుస్తుంది. అది చెప్పబోయేసరికి ఆయన పాదం కొలత చెబుతున్నారు.

వారానికి మళ్లీ వచ్చారు. చెప్పులు బురదలో ఇరుక్కుని పట్టీలు తెగాయట. నా సామాను డూప్లికేట్ అట! ఈసారి గడ్డి మీద దొర్లించే మేకుల రోలర్ పట్టుకున్నారు. దాని బరువుకు నేల ఇంకా అణుగుతుందని తెలిసీ "మీ ఇష్టం పటేలా" అని ఇచ్చేశాను. పెద్దాయనతో వాదనెందుకని మర్యాద కొంత, విసుగు కొంత.

మూడోసారి ఫోన్ వచ్చింది. "నీ రోలర్ పాడుగాను! మా ఇంటామె జారి పడ్డది. జర నువ్వే వచ్చి చూడు."

హాలో టైన్ పట్టుకుని వెళ్లాను. సుగుణమ్మ మణికట్టుకు పిండికట్టుతో వరండాలో కూర్చుని ఉంది. గడ్డి మీద నీళ్లు, పాచి. పార వేస్తే రెండు వేళ్ల లోతు నుంచే మట్టి ఇటుకలా ఉంది.

"అక్కా, గడ్డి పెట్టకముందు గీ నేలను ఏం చేసిండ్రు?"

"ఏం చేస్తడు? కరిగెట చేయించిండు. నీళ్లు పెట్టి, నలుగురు కూలోళ్లతోని రెండు రోజులు తొక్కిపిచ్చిండు."

తల పట్టుకున్నాను. కరిగెట అంటే వరి నాటుకు ముందు మడిని బురద చేసి తొక్కడం. నీళ్లు కిందికి ఇంకకుండా ఉండటానికే అది చేస్తారు. ఆ సంగతి ఈయనకంటే బాగా ఎవరికి తెలుసు?

"గడ్డి గూడ నాటేదే గదా" అని గొణిగారు పటేల్.

"మొదటి రోజే చెప్పొద్దా పటేలా?" నాకు కోపం ఆగలేదు.

"నువ్వు అడగొద్దా?" అని ఆయనా లేచారు.

సుగుణమ్మ కట్టుకట్టిన చెయ్యి ఎత్తింది. "ఆయన అడగనియ్యలే. నువ్వు గట్టిగ అడగలే తమ్మీ. మీ ఇద్దరి నడుమ పడ్డది నేను."

పటేల్ వెళ్లి బకెట్ తెచ్చారు.

నీళ్లు తోడేసి, నేల తడి ఆరీ ఆరనప్పుడు హాలో టైన్‌తో జానెడుకొక చోట నొక్కాం. గొట్టాల్లో బంకమట్టి ఇరుక్కుంటే ఇనుప సువ్వతో పొడిచి తీశాం. రంధ్రాల్లో దొడ్డు ఇసుక, మాగిన ఎరువు నింపాం. ఒక్కసారితో కాలేదు, మరుసటి వానాకాలం దాకా మూడుసార్లు చేయాల్సి వచ్చింది. అప్పుడు గానీ నీళ్లు ఇంకలేదు.

ఇప్పుడు వచ్చినవాళ్లు నేల సంగతి మొత్తం చెప్పందే ఏరేటర్ ఇవ్వను. "కొనేటోనికి గిన్ని ప్రశ్నలా?" అని చిరాకుపడి వెళ్లిపోయేవాళ్లున్నారు. పోనీ. గిరాకీ మనసు నొప్పించకపోవడమే వ్యాపారమని ఇరవై ఏళ్లు నమ్మాను. పటేల్‌తో ఒక్క మాట పడటం ఇష్టంలేక ఊరుకున్నాను. సుగుణమ్మ ఇప్పుడు రోజూ గడ్డి మీద నడుస్తోంది. ఆ చేత్తో మాత్రం నిండు చెంబు ఎత్తలేకపోతోంది.