నలభై రెండు పెట్టెలు, ఒక గేటు

పెట్టె ఎక్కడుందో యంత్రానికి తెలిస్తే, ఆ పెట్టెతో పనిచేసే మనిషికి ఏం ఒరుగుతుంది? ఇంజినీరింగ్ కాలేజీలో పన్నెండేళ్లుగా రేడియో ట్యాగుల పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్నకు మాత్రం నా నోట్సులో జవాబు లేదు. మా చిన్నమ్మ కూతురు రజిత పనిచేసే షెడ్డుకు ఆ ట్యాగులు వచ్చాయని తెలిసి, ఒక శనివారం బయలుదేరాను.

జూబ్లీ బస్టాండులో ఏడింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా సిద్దిపేట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. అక్కడి నుంచి చేర్యాల రోడ్డులో షెడ్డు దాకా ఆటోకు నూట ఇరవై. "కార్ల వైర్లు కట్టే కాడికా అక్కా? గాడికి రోజూ ఆడోళ్లను దింపుత. నేనైతే కారు ఒక్కసారి గూడ ఎక్కలే," అని నవ్వాడు డ్రైవరు.

ఆ షెడ్డులో వైర్లను కట్టలు కట్టి, టేపు చుట్టి, పెట్టెల్లో కార్ల ఫ్యాక్టరీకి పంపుతారు. టేపు చుట్టీ చుట్టీ రజితకు కుడి భుజం పోయింది. అందుకే రెండేళ్లుగా పెట్టెలు లెక్కపెట్టి లారీ ఎక్కించే పని ఇచ్చారు. ఇప్పుడు లారీకి వెళ్లే తోవలో ఒక గేటు నిలబెట్టారు. పెట్టె మీది ట్యాగును అది రేడియో తరంగాలతో దానంతటదే చదువుకుంటుంది. ఈ వారమంతా పరీక్ష; లెక్క సరిపోతే సోమవారం నుంచి పని గేటుదే. "మల్ల నన్ను టేపు బల్ల కాడికే పంపుతరక్కా," అంది రజిత భుజం పట్టుకుని.

పదకొండింటికి లోడింగ్. రజిత నలభై రెండు అంది. గేటు తెర మీద నలభై.

"ఏందమ్మా రజితా, రెండు పెట్టెలు మింగినవా?" అన్నాడు సూపర్‌వైజర్ సంపత్.

"నా లెక్క తప్పితే నా పేరు మార్చు సారూ. దించుండ్రి!"

దించి చూశారు. నలభై రెండే. "గిదేం గేటు! వాపస్ పంపుడే," అన్నాడు సంపత్. రజిత నా వైపు చూసి కళ్లెగరేసింది.

ఊరుకుంటే సరిపోయేది. కానీ నా చేతులు అప్పటికే పెట్టెలు తిప్పి, మూతలు తీసి చూస్తున్నాయి. రెండింటికి ట్యాగు లోపలివైపు ఉంది. "బయట తడిగున్నయక్కా, ఖరాబైతదని లోపట అతికిచ్చిన," అంది రజిత. రాగి తీగలకు ఆనుకుంటే ట్యాగును గేటు చదవలేదని, బయట అతికిస్తే చాలని పాఠం చెప్పేశాను. అతికించి మళ్లీ నడిపారు. నలభై రెండు. సంపత్ చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం రజిత సర్వపిండి రొట్టె ముక్క అందించింది. "ఎడమ చేత్తో ఇస్తున్నననుకోకు, కుడిది లేస్తలేదు. నీకు చదువు జర ఎక్కువైందక్కా. తిను, సల్లారుతది."

సోమవారం ఫోన్ చేసింది. తనను మళ్లీ టేపు బల్లకే పంపారట. గొంతులో కోపం లేదు. ఆ రోజు తిరుగు బస్సులో నేను ఏమైనా తిన్నానా లేదా అని అడిగింది. ఇలాంటి షెడ్డు చూడాలనుకునేవారు లోడింగుకు గంట ముందే చేరండి. గేటు కంటే ముందు లెక్కపెట్టే మనిషితో మాట్లాడండి. ట్యాగులు ఇప్పుడు బయటే అతికిస్తారు కాబట్టి ఇక అక్కడ ఎవరి మీదా రెండు పెట్టెల నింద పడదు, అది మంచిదే. కానీ ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.