గంగులప్ప పెట్టిన పేర్లు

పక్కింటి కుట్టుమిషను కటకటమన్నప్పుడల్లా నాకు గంగులప్ప గుర్తొస్తాడు. సినిమా బొమ్మల మిషను తిరిగే చప్పుడూ అచ్చం అంతే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఊరంతా టాకీలకు ఎగబడుతుంటే, బెంగళూరు కంటోన్మెంటు పక్కన ఒక రేకుల షెడ్డులో మాత్రం పాత మూగబొమ్మలే ఆడేవి. తెర పక్కన నిలబడి వాటికి తన నోరు అరువిచ్చేవాడు గంగులప్ప. ఆయనకు ఇంగ్లీషు రాదు. తెరమీది ఇంగ్లీషు రాతలకు బడిపంతుల్నైన నేను ముందురోజే తెలుగు రాసిచ్చేవాణ్ణి. నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే. మూగబొమ్మలు కాబట్టి తప్పు రాసినా అవి నోరెత్తేవి కావు.

ఆయన పద్ధతి ఒకటుంది. తెరమీదికి ఎవరొచ్చినా మన పేరు పెట్టేసేవాడు. తెల్లదొర రంగయ్య, దొరసాని సుబ్బమ్మ. గుర్రానికీ ఒక పేరుండేది. పేరు తెలిశాకే జనం వాళ్ళకోసం ఏడ్చేవారు, ఈలలు వేసేవారు.

ఒక వారం ఆఫ్రికా బొమ్మ వచ్చింది. దొరలు అక్కడి ఊళ్ళను జయించిన కథ. ఓనరు గంగులప్పతో ముందే అన్నాడు: "ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఈలలతో రేకులు ఎగిరిపోవాలప్పా. లేదంటే టాకీ మిషను తెప్పిస్తా. నీ నోటితో పనుండదు." గంగులప్పకు ఇంకో పని తెలియదు.

శనివారం మేమిద్దరమే బొమ్మ వేసుకుని చూశాం. అక్కడి ఊరివాళ్ళను తెరమీద ఉన్నది ఉన్నట్టు "రాక్షసమూక" అని రాశాను. ఆయన మిషను ఆపి దీపం ఆర్పాడు.

"మేష్ట్రూ, గుడిసి ముందర కూచోనుండే ముసిలాయన పేరేమి?"

"పేరు లేదన్నా. మూక అనే రాసుంది."

"గుర్రానికుండాది, ఆయనకు లేదా? పేరు లేకుంటే నాకు నోరు తిరగదప్పా. మూలలో కుండ పట్టుకోని పరిగెత్తిందే, ఆయమ్మ ఎవురు?"

అక్కడ ఒక ఆడమనిషి ఉన్నట్టే నేను గమనించలేదు. నేను అక్షరాలు చదివాను. ఆ అక్షరాలు రాని మనిషి బొమ్మంతా చూశాడు.

ఆదివారం షెడ్డు నిండింది. దొరల గుర్రాలు కనబడగానే ముందు బెంచీలవాళ్ళు ఈలకోసం నోట్లో వేళ్ళు పెట్టుకున్నారు. గంగులప్ప నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈయన మునెప్ప తాత. ఎవురి జోలికీ పోలేదు. అదో, ఎల్లమ్మ, నీళ్ళకు పోయి వస్తాండాది. వచ్చేతలికి ఊరు అంటుకోనుండాది, చూడండప్పా."

గుడిసెలు మండాయి. ఒక్క ఈల లేదు. మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక బెంచీ నుంచి ఒక ముసలామె అడిగింది: "ఎల్లమ్మ బిడ్డ బయటికొచ్చినాడా?"

తెరమీద బిడ్డే లేడు. "చూస్తాండాను తల్లీ" అన్నాడు గంగులప్ప. సముద్రాల అవతల ఎప్పుడో కెమెరా ముందు రెండు క్షణాలు పరిగెత్తిన మనిషికోసం మా షెడ్డంతా ఊపిరి బిగబట్టింది.

ఆట అయ్యాక ఓనరు వచ్చాడు. "ఈలలు యాడప్పా?"

"మునెప్ప సచ్చిపోతే ఈలెట్లేసేది సామీ?"

ఆ నెలలోనే టాకీ మిషను దిగింది. వెళ్ళేరోజు గంగులప్ప నా కాగితం నాకిచ్చి, "అక్షరాలు గుండ్రంగా బాగుండాయి మేష్ట్రూ" అన్నాడు. అంతకంటే మెత్తగా నన్నెవరూ తిట్టలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పాను. "తిరగబడినవారిని అణచివేశారు" అన్న వాక్యం వచ్చినప్పుడల్లా పుస్తకం మూసి, వాళ్ళలో ఒకరికి పేరు పెట్టమని పిల్లలను అడిగేవాణ్ణి. ఎవరో ఒకరు లేచి, వాళ్ళ తాత పేరు చెప్పేవారు.